సొరపువ్వుది రాత్రి షిఫ్టు

కిచెనర్‌లో జులై నెల వచ్చిందంటే తెలుగువాళ్ళు నలుగురు చేరిన చోటల్లా ఒకటే గోడు. "అన్నయ్యగారూ, మీ సొరపాదు కాస్తోందా? మాది ఫెన్సంతా అల్లుకుంది, పూత బ్రహ్మాండం, ఒక్క కాయ నిలబడితే ఒట్టు!" పుల్లమజ్జిగ పొయ్యమని ఒకరు, గుడ్డు పెంకులు వెయ్యమని ఇంకొకరు, ఎప్సమ్ సాల్టు చల్లమని యూట్యూబు. (ఆనపకాయ అనే అలవాటున్నవారు ఈ వ్యాసంలో సొరకాయ అని వచ్చిన చోటల్లా ఆనపకాయ అని చదువుకోగలరు.) పాదుకి తిండి బాగానే ఉంది. అందని సరుకు పుప్పొడి.

మనలో చాలామంది ఇంటర్లో ఎంపీసీ బాపతు. పువ్వు గురించి చదివిన ఆఖరి పాఠం హైస్కూలు సైన్సులోనే. మందారప్పువ్వుని బ్లేడుతో నిలువుగా కోసి, రికార్డులో బొమ్మ వేసి, రక్షక పత్రాలు, ఆకర్షణ పత్రాలు, కేసరాలు, కీలాగ్రం అని బాణాలు పెట్టి, మార్కులు వేయించుకుని మరిచిపోయాం. ఆ బాణాల వెనక నడిచే వ్యవహారం మనం రోజూ రాసే నెట్‌వర్కు ప్రోటోకాల్సుకి ఏమీ తీసిపోదు. కనక ఈ నెల ఈ శీర్షికలో కంప్యూటర్లకి సెలవు.

మందారంలో ఆడ, మగ భాగాలు రెండూ ఒకే పువ్వులో ఉంటాయి. సొర, బీర, పొట్ల, కాకర, గుమ్మడి అలా కాదు. ఒకే తీగ మీద మగపువ్వులు వేరు, ఆడపువ్వులు వేరు. పోల్చుకోవడం తేలిక: పొడుగాటి సన్నని కాడ మీద ఉత్త పువ్వు ఉంటే మగది, పువ్వు కింద బొటనవేలంత బుల్లి సొరకాయ అప్పటికే తయారై ఉంటే ఆడది. ఆ బుల్లి కాయే అండాశయం. దొండది ఇంకో పద్ధతి, మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. మనిషిలో లాగే దొండలోనూ ఎక్స్, వై క్రోమోసోములున్నాయి. కొన్ని దొండ రకాలు పుప్పొడి తగలకపోయినా కాస్తాయి కనక మగ తీగ ఎక్కడుందని మనం ఎప్పుడూ వెతుక్కోలేదు.

మొక్కల్లో ఆడా మగా ఉంటాయని మన ఊళ్ళలో ఎవరూ పుస్తకం చూసి తెలుసుకోలేదు. కల్లు గీసేవాళ్ళకి పోతుతాడు ఏదో పెంటితాడు ఏదో తెలుసు. బొప్పాయి చెట్టు పోతుదని తేలితే పెరట్లోంచి కొట్టేస్తారు. ప్రయోగం చేసి, కాగితం మీద పెట్టి నిరూపించిన ఘనత మాత్రం జర్మనీకి చెందిన కామెరారియస్‌ది. ఆయన మన ఆముదం మొక్క మీద మగపువ్వులు విచ్చుకోకముందే తుంచేసి చూశాడు. గింజలు కట్టలేదు. ఈ సంగతులన్నీ 1694లో ఒక ఉత్తరంగా అచ్చు వేశాడు.

ఇప్పుడు కిచెనర్ పెరటికి వద్దాం. ఇక్కడ మన పాదుకి రెండు ఇబ్బందులు. మొదటిది పగటి పొడుగు. ఈ ఊరు ఉన్నది సుమారు 43 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. జూన్ చివర పగలు పదిహేను గంటల పైమాటే. ఈ జాతి తీగల్లో పొడుగు పగళ్ళు, వేడి కలిస్తే మగపువ్వులు ఎక్కువ పుడతాయి, పగలు తగ్గుతూ చల్లబడుతుంటే ఆడపువ్వులు పెరుగుతాయి. కనక జులైలో చూసినదంతా పోతు పూతే. ఆగస్టులో ఆడపువ్వులు జోరందుకునే సరికి సెప్టెంబరు చివరి మంచు ముంచుకొస్తుంది. సొర తీగలో ఆడపువ్వులు పక్క కొమ్మల మీద ముందుగా వస్తాయి కాబట్టి, తీగ కాస్త ఎదిగాక చివర తుంచితే కొంత కాలం కలిసొస్తుంది. మన పెద్దవాళ్ళు "తలకాయ గిల్లెయ్యి" అనేది ఇందుకే.

రెండో ఇబ్బంది ఇంకా చిత్రమైనది. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. తెల్లటి రేకులు, మసక వెలుతురులో కనబడేందుకు. అది పుట్టిపెరిగిన వేడి దేశాల్లో దీని దగ్గరకి వచ్చే అతిథులు చీకట్లో ఎగిరే పెద్ద చిమ్మెటలు. బీరపువ్వు పసుపే కానీ అదీ సాయంత్రం బాపతే. నేతిబీర మాత్రం పొద్దున్నే విచ్చుకుంటుంది, అక్కచెల్లెళ్ళ మధ్య కూడా షిఫ్టులు వేరు. కిచెనర్‌లో జులైలో పొద్దు గూకేసరికి తొమ్మిదవుతుంది. అప్పటికి ఇక్కడి తేనెటీగలు ఇళ్ళకి పోయి పడుకుంటాయి. బెంగుళూరు టీము లాగిన్ అయ్యేసరికి ఇక్కడి టీము లాగౌట్ అయిపోయినట్టు.

ఈ ప్రాంతంలో సొరకాయ చుట్టాల కోసమే పుట్టిన తేనెటీగ ఒకటుంది. దాన్ని గుమ్మడి తేనెటీగ అందాం. ఇది పట్టు పెట్టదు, తేనె దాచదు. ప్రతి ఆడ ఈగా సొంతంగా నేలలో బొరియ తవ్వుకుంటుంది, తరచు గుమ్మడి తీగల కిందనే. పిల్లలకి గుమ్మడి జాతి పుప్పొడి తప్ప వేరేది పెట్టదు. గుమ్మడిపువ్వు తెల్లవారుతూనే విచ్చుకుంటుంది, ఇదీ మామూలు తేనెటీగల కంటే ముందే లేచి డ్యూటీలో ఉంటుంది. మగ ఈగలు మధ్యాహ్నానికి వాడి ముడుచుకున్న పువ్వు లోపలే దూరి నిద్రపోతాయి. ముడుచుకున్న గుమ్మడిపువ్వుని వేళ్ళతో మెల్లగా నొక్కితే లోపలినుంచి జుయ్యిమని వినిపిస్తుంది, పిల్లలకి చూపించదగ్గ వినోదం.

ఈ ఈగ ఒంటారియోది కాదు. దాని పుట్టిల్లు మెక్సికో వైపు. అక్కడి ఆదివాసులు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి సాగు చేస్తూ ఉత్తరానికి తీసుకొస్తుంటే, గుమ్మడి వెంటే ఈ ఈగ కూడా నడిచి వచ్చిందని 2016లో జన్యువుల ఆధారంగా తేల్చారు. ఇక్కడ దానికి అడవి గుమ్మడి లేదు, మనుషులు వేసిన పొలమే దిక్కు. కిచెనర్ పక్కనే ఉన్న గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో సూసన్ విల్లిస్ చాన్, నైజెల్ రెయిన్ అనే ఇద్దరు ఈ ఈగలని మూడేళ్ళు పరిశీలించి 2021లో ఫలితాలు ప్రకటించారు. నాటేటప్పుడు మట్టిలో ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు వేసిన గుమ్మడి దగ్గర ఈగలు కట్టుకున్న గూళ్ళు 85 శాతం తక్కువ, పుట్టిన సంతానం 89 శాతం తక్కువ. మన పత్తి, మిరప రైతులకి ఇమిడా అంటే కొత్త పేరేమీ కాదు.

ఇంత కష్టపడే ఈగ కూడా సొరపువ్వు విచ్చుకునే వేళకి నిద్రలో ఉంటుంది. సాయంత్రం ఆలస్యంగా తిరిగే ఏ తుమ్మెదో, పురుగో దయతలిస్తే సరే, లేకపోతే ఆ పని మనమే చెయ్యాలి. చీకటి పడే వేళకి అప్పుడే విచ్చిన మగపువ్వుని కోసి, రేకులు ఒలిచేసి, మధ్యనున్న పుప్పొడి ముద్దని ఆడపువ్వు మధ్యనున్న కీలాగ్రానికి మెత్తగా నాలుగు వైపులా రుద్దాలి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపువ్వులకి సరిపోతుంది. "నాలుగు వైపులా" అన్నది ఊరికే అనలేదు. ఒక గింజ కట్టాలంటే ఒక పుప్పొడి రేణువు కావాలి. సొరకాయలో వందల గింజలు. కాయ ఉబ్బడానికి కావలసిన హార్మోను సందేశం గింజలనుంచే వస్తుంది. ఒక వైపే పుప్పొడి పడితే ఆ వైపే గింజలు కట్టి కాయ వంకర తిరుగుతుంది. అసలే పడకపోతే పిందె పసుపెక్కి, మెత్తబడి రాలిపోతుంది. మజ్జిగ పోసినా అంతే.

సరే, రుద్దాం. తరవాత లోపల ఏం జరుగుతోంది?

పుప్పొడి రేణువు చూడ్డానికి దుమ్ము, నిజానికి ఒక బుల్లి మొక్క. అందులో ఒక పెద్ద కణం, దాని కడుపులో ఒక చిన్న కణం. ఆ చిన్నది రెండుగా చీలి రెండు పురుషబీజాలవుతుంది. ఈ బీజాలకి ఈత రాదు. అందుకని పెద్ద కణం ఒక గొట్టంలా పెరిగి, కీలాగ్రంలోంచి తొలుచుకుంటూ వాటిని అండాశయం దాకా మోసుకుపోతుంది. ఈ గొట్టాన్ని మొట్టమొదట చూసినవాడు ఇటలీకి చెందిన సూక్ష్మదర్శినుల తయారీదారు అమిచీ, 1820లలో. చూసినది ఏ మొక్క మీద అనుకున్నారు? మన గంగవాయిల కూర! కొందరు పావిలి కూర అంటారు, పప్పులో వేసుకుంటాం. ఆయన ఆ పువ్వు కీలాగ్రం మీది వెంట్రుకల్లో ఇంకేదో చూద్దామని కన్ను పెడితే, దానికి అంటుకున్న పుప్పొడి రేణువులోంచి గొట్టం బయటికి వచ్చింది. కిచెనర్‌లో ఈ కూర ఫుట్‌పాత్ పగుళ్ళలో కలుపు మొక్కగా మొలుస్తుంది.

గొట్టం ఎంత దూరం పోగలదో చూడాలంటే ఆగస్టులో సెయింట్ జేకబ్స్ వెళ్ళి, గుర్రబ్బగ్గీల మెనొనైట్ రైతుల దగ్గర మొక్కజొన్న పొత్తులు కొనండి. పొత్తు కొసన పట్టుదారాల్లా వేలాడేవి కీలాలు. ఒక్కొక్క దారం ఒక్కొక్క గింజకి కనెక్షను. దారం ఎక్కడ పుప్పొడిని పట్టినా, గొట్టం అక్కణ్ణించి దిగువన ఉన్న అండం దాకా, ఒక్కోసారి జానెడు పైగా, ఇంచుమించు ఒక రోజులో పెరుగుతుంది. పొత్తులో అక్కడక్కడ పళ్ళు ఊడినట్టు ఖాళీలు కనిపిస్తే, ఆ దారాలకి పుప్పొడి అందలేదన్నమాట.

అందరికీ ఈ దారి తెరుచుకోదు. ఆపిల్‌లో పాస్‌వర్డు పరీక్ష ఉంది, అదీ తలకిందుల పరీక్ష: పాస్‌వర్డు కలిస్తే గెంటేస్తారు. తన పుప్పొడే తన కీలంలో దిగితే, కీలం తయారుచేసే ఒక ఎంజైము ఆ గొట్టంలోని ఆర్‌ఎన్‌ఏని నరికేస్తుంది. పరాయి పుప్పొడి దగ్గర దానికి విరుగుడు ఉంటుంది. మేనరికం కూడా కాదు, ఏకంగా తనతో తనకి పెళ్ళి తప్పించే ఏర్పాటు. ఒంటారియోలోని డండేలా అనే పల్లెలో 1811లో దొరికిన ఒక ఆపిల్ మొక్కే మెకింటాష్ ఆపిల్‌కి మూలం. (స్పెల్లింగు కొంచెం మార్చి కంప్యూటర్‌కి పెట్టిన పేరు ఇదే.) ప్రపంచంలోని మెకింటాష్ చెట్లన్నీ దాని అంట్లే, అంటే అన్నిటికీ ఒకటే పాస్‌వర్డు. తోటంతా అవే వేస్తే కాపుండదు, మధ్యలో వేరే రకం ఉండాలి.

లోపలికి వచ్చిన గొట్టానికి దారి ఎవరు చూపిస్తారు? ఈ ప్రశ్న వందేళ్ళకి పైగా తెగలేదు. జపాన్‌లో టెట్సుయా హిగాషియామా బృందం టొరేనియా అనే మొక్కని ఎంచుకుంది. ఆ పువ్వులో పిండకోశం అండంలోంచి బయటికి పొడుచుకు వచ్చి ఉంటుంది, కోయకుండానే చూడొచ్చు. అండకణం పక్కన కాపలాదారుల్లా రెండు సహాయ కణాలుంటాయి. లేజరుతో ఆ రెంటినీ కాల్చేస్తే గొట్టాలు దారి తప్పుతున్నాయని 2001లో చూపించారు, అవి వెదజల్లే చిన్న ప్రోటీన్లే గొట్టాన్ని లాగుతున్నాయని 2009లో పట్టుకున్నారు.

గొట్టం చేరి, పగిలి, రెండు పురుషబీజాలని వదులుతుంది. ఇక్కడే పూలమొక్కల ప్రత్యేకత. ఒకటి అండకణంతో కలిసి పిండమవుతుంది. రెండోది పక్కనే రెండు కేంద్రకాలతో ఉన్న మధ్యకణంతో కలుస్తుంది, తల్లివి రెండు వంతులు, తండ్రిది ఒక వంతు. ఇది పిండానికి తిండిమూట, పాఠ్యపుస్తకాల్లో అంకురచ్ఛదం. ఈ జంట పెళ్ళిని 1898లో కీవ్ నగరంలో నవాషిన్ లిల్లీ మొక్కల్లో కనిపెట్టాడు. బియ్యపు గింజలో పిండాన్ని, తవుడుని మరలో పోగొట్టాక మిగిలేది ఈ తిండిమూటే. అంటే మనం రోజూ తినే అన్నం ఆ రెండో పెళ్ళి సంతానం. లేత కొబ్బరి బోండాంలో నీళ్ళు కూడా అదే, గోడలు కట్టుకోని కేంద్రకాలు ఈదుతున్న అంకురచ్ఛదం. అవి గోడలు కట్టుకుంటూ చిప్పకి అంటుకుంటే కొబ్బరి. పిండానికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి కనకే, 1941లో వాన్ ఓవర్‌బీక్ ఉమ్మెత్త పిండాలని గాజు పాత్రలో పెంచడానికి కొబ్బరినీళ్ళు వాడాడు.

మన దేశానికి ఈ రంగంలో పెద్ద చరిత్రే ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పంచానన్ మహేశ్వరి దగ్గర కుసుమ్ కాంత, రంగస్వామి కలిసి 1962లో గసగసాల మొక్క అండాలని పువ్వులోంచి తీసి, పరీక్షనాళికలో పుప్పొడి చల్లి, గింజలు కట్టించారు. మనుషుల్లో టెస్ట్ ట్యూబ్ బేబీ పుట్టింది 1978లో.

చిన్న పిట్టకథ: పురుషబీజం అండకణానికి అతుక్కోడానికి వాడే ఒక ప్రోటీను ఉంది. పూలమొక్కల్లోనూ, నాచులోనూ, మలేరియా పరాన్నజీవిలోనూ అదే. 2017లో నాచు ప్రోటీను ఆకారం గీసి చూస్తే, డెంగీ, జికా వైరస్‌లు మన కణాల్లోకి దూరడానికి వాడే ప్రోటీనుకి అన్నదమ్ముల వరస అని తేలింది. కోడు ఎవరు ఎవరి దగ్గర కాపీ కొట్టారో మరి.

ఇంతవరకూ ముచ్చట. డబ్బు వ్యవహారం ఇక్కణ్ణించి. అండకణం, పుప్పొడి తయారయ్యేటప్పుడు క్షయకరణ విభజన జరిగి అమ్మానాన్నల జన్యువులు పేకముక్కల్లా కలుస్తాయి. అందుకే బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి రాదు, అంటు కట్టాలి. హైబ్రిడ్ విత్తనం సంగతీ ఇంతే. రెండు రకాలని కలిపితే మొదటి తరం ఏపుగా, ఒకేలా పెరుగుతుంది. దాని గింజలు దాచి మళ్ళీ వేస్తే పొలమంతా తలో రకం. కనక హైబ్రిడ్ అంటే ఏటేటా రెన్యూ చెయ్యాల్సిన లైసెన్సు.

పత్తిలో ఆ హైబ్రిడ్‌ని తయారుచేసేది చేత్తోనే. ప్రపంచంలో తొలి వాణిజ్య హైబ్రిడ్ పత్తి హెచ్-4, 1970లో సూరత్‌లో సి. టి. పటేల్ తయారుచేసినది. పత్తిపువ్వు మందారానికి చుట్టం, ఆడా మగా ఒకే పువ్వులో. అందుకని మర్నాడు విచ్చుకోబోయే మొగ్గని ముందు రోజు సాయంత్రమే పట్టుకుని, బొటనవేలి గోటితో రేకుల్నీ, కేసరాల గొట్టాన్నీ ఒలిచెయ్యాలి, లోపలి కీలం విరగకుండా. గుర్తు పెట్టుకోవాలి. పొద్దున్నే మగ రకం పువ్వు తెచ్చి రుద్దాలి. కిచెనర్‌లో మనం సరదాగా నాలుగు సొరపువ్వులకి చేసే పని ఇదే. గద్వాల, నంద్యాల వైపు విత్తన పత్తి పొలాల్లో దీన్ని "క్రాసింగ్" అంటారు, పూత ఉన్న రెండు మూడు నెలలూ రోజూ, పువ్వు పువ్వుకీ చెయ్యాలి. లెక్క వేసి చూశాను. గింజ గ్రాములో పదోవంతు అనుకుంటే 450 గ్రాముల పాకెట్లో 4,500 గింజలు. కాయకి పాతిక గింజలు వేసుకున్నా 180 పువ్వులు. ఒక్క పాకెట్టుకి 180 సార్లు ఎవరో గోటితో ఒలిచి, మర్నాడు మళ్ళీ వచ్చి రుద్దారన్నమాట. నిలవని పిందెలు ఈ లెక్కలో లేవు.

ఆ ఎవరో చాలాకాలం పదేళ్ళ ఆడపిల్లలు. దావులూరి వెంకటేశ్వర్లు అనే పరిశోధకుడు 1990ల చివరినుంచీ ఆంధ్రప్రదేశ్ విత్తన పత్తి పొలాల మీద వరసగా నివేదికలు రాశాడు. తల్లిదండ్రులకి ముందే అడ్వాన్సు ఇచ్చి పిల్లని సీజనంతా కట్టేసుకోవడం, పెద్దవాళ్ళ కూలి గిట్టుబాటు కాని ధరకి కంపెనీలు విత్తనం కొనడం, "చిన్న చేతులైతే పువ్వు చెడదు" అనే సాకు, అన్నీ అందులో ఉన్నాయి. శాంతా సిన్హా నడిపిన ఎం. వి. ఫౌండేషన్ లాంటి సంస్థలు పిల్లల్ని బడికి తీసుకొచ్చాయి, 2003లో ఆమెకి మెగసెసే పురస్కారం వచ్చింది. అయినా 2015 నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద విత్తన పత్తిలో పధ్నాలుగేళ్ళ లోపు పిల్లలు ఇంచుమించు రెండు లక్షలు. చిన్న చేతుల వాదన వట్టి బూటకం. నా చేతులు పెద్దవే, పువ్వులు బాగానే నిలుస్తున్నాయి. కారణం కూలి.

హైబ్రిడ్ మొక్క తన గింజని తానే మక్కీకి మక్కీ కాపీ తీసి ఇస్తే? రైతు కొనక్కర్లేదు, ఎవరూ ఏటా ఒలవక్కర్లేదు. ప్రకృతిలో ఇది ఉంది, దీన్ని అసంయోగజననం అంటారు. నారింజ, నిమ్మ గింజల్లో తల్లి కణంనుంచి నేరుగా పిండాలు పుడతాయి. కానీ వరి, పత్తి లాంటి పంటలకి ఈ విద్య రాదు. ఆ విద్య నేర్పే దారిలో ఒక పెద్ద మెట్టు హైదరాబాదులో పడింది. హబ్సిగూడ దగ్గరి సీసీఎంబీలో ఇమ్రాన్ సిద్దిఖీ బృందం, ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో డయాడ్ అనే ఒక్క జన్యువు చెడితే పేకముక్కలు కలపడమే ఆగిపోయి, తల్లి జన్యువులు యథాతథంగా అండకణంలోకి వెళ్ళగలవని 2008లో చూపించింది. 2011లో ఫ్రాన్సు, కాలిఫోర్నియా శాస్త్రవేత్తలతో కలిసి అదే మొక్కలో క్లోన్ గింజలు తెప్పించింది. 2019లో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో ఇంతియాజ్ ఖండే, వెంకటేశన్ సుందరేశన్ వాళ్ళు దీన్ని వరికి తెచ్చారు. 2022లో హైబ్రిడ్ వరిలో 95 శాతం పైగా గింజలు తల్లికి నకళ్ళుగా వచ్చాయి. ఈ వరిలో పిండానికి తండ్రి అక్కర్లేదు కానీ తిండిమూటకి ఇంకా కావాలి, కనక పుప్పొడి పడాల్సిందే. నవాషిన్ చూసిన రెండు పెళ్ళిళ్ళలో ఒకటి మిగిలే ఉంది.

పత్తిలో ఈ పని పొలం దాకా రాలేదు. వచ్చినా పేటెంటు ఎవరి చేతిలో ఉంటుందన్నది అసలు ప్రశ్న. ఈ విద్య అందరికీ అందుబాటులో ఉండాలని కొందరు శాస్త్రవేత్తలు 1998లోనే బెలాజియోలో ప్రకటన చేశారు. ఓపెన్ సోర్సు మీద మనం చేసుకునే వాదనలన్నీ ఇక్కడా వస్తాయి, పందెం మాత్రం పెద్దది.

ఈ విద్య బాగా వంటబట్టిన మొక్క మన ముందు వాకిట్లోనే ఉంది. ఒంటారియోలో 2009నుంచి అందం కోసం పచ్చికకి కలుపుమందు కొట్టడం నిషేధం కనక మే నెలలో కిచెనర్ లాన్లన్నీ డాండెలయన్లతో పచ్చగా మెరుస్తాయి. ఉత్తర అమెరికాలో మామూలుగా కనిపించే డాండెలయన్ తండ్రి ప్రమేయం లేకుండానే పిండాన్నీ తిండిమూటనీ రెంటినీ తయారుచేసుకుంటుంది. గాలికి ఎగిరే గొడుగు గింజల్లో ప్రతిదీ తల్లికి నకలు. అయినా పాత అలవాటు పోక పసుపు రేకులు, తేనె, పుప్పొడి అన్నీ తయారుచేస్తూనే ఉంటుంది, ఈగలు వచ్చి తింటూనే ఉంటాయి. 2022లో దాని జన్యువొకదాన్ని లెట్యూస్‌లో పెట్టి చూశారు. లెట్యూస్ అండకణం పుప్పొడి కోసం ఆగకుండా విభజన మొదలుపెట్టింది.